ఏఱు శబ్దము: మున్నేఱు, ఆకేఱు, పాలేఱు, మానేఱు నామముల వ్యుత్పత్తి విచారము

నదీనామములు భాషాచరిత్రమునకు మిక్కిలి దృఢములగు సాక్ష్యములు. రాజ్యములు మాఱును. గ్రామములు పాడుపడి క్రొత్త పేళ్లతో మరలఁ గట్టఁబడును. ఏటిపేరు మాత్రము, దానిం బెట్టిన జనుల పలుకుబడి మఱపునఁ బడిన పిమ్మటను, నోటినుండి నోటికి సాగి నిలుచును. ఐనను నామము చెవిని బడినంత మాత్రమున సాక్ష్యము పలుకదు. ధ్వనిసామ్యము నొక్కదానినే నమ్మి యర్థము సెప్పఁబోయినచోఁ గట్టుకథలు పుట్టును. నామమును వర్ణములుగా విడఁదీసి, సంధిచేతను, విభక్తిరూపములచేతను, దాయాది భాషల పోలికచేతను బరీక్షించిననే యది చరిత్రమునకుఁ బనికివచ్చును.

2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదిని బూర్వపు వరంగల్లు, కరీంనగరు జిల్లాలనుండి ప్రధానముగా నేర్పడిన జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఇట్టి పరీక్షకు మిగుల ననుకూలమైన నేల. గోదావరీకృష్ణలకు నీటిని బంచి యిచ్చు మిట్ట యీ ప్రాంతముననే కలదు. ఉత్తరమున మానేఱు పెద్దపల్లి, భూపాలపల్లి జిల్లాల సరిహద్దున గోదావరిం గలియును. దక్షిణపు వాలున మున్నేఱు, ఆకేఱు, పాలేఱు కృష్ణవైపునకు దిగును. మున్నేఱు పాకాల చెఱువు ప్రాంతమునఁ బుట్టి, మహబూబాబాదు జిల్లా మీఁదుగాఁ బాఱి, ఖమ్మమునకు ఎగువఁ దీర్థాల యొద్ద నాకేఱును గలుపుకొని, పిదపఁ గృష్ణం జేరును. పాలేఱు జనగామవైపు మెట్టనేలలనుండి దిగి, తన పేరు గల జలాశయమును నింపి, తానును గృష్ణనే చేరును. ఈ నాలుగు పేళ్లయందును జివర నున్నది యొక్కటే మాట: ఏఱు. ఆ మాట యెక్కడిది, దాని వ్యాకరణ మెట్టిది, దానికి ముందు నిలిచిన పదము లెవ్వి యనునది యీ వ్యాసమునకు విషయము.

1. ఏఱు శబ్దపు దాయాదులు

తెలుఁగు ఏఱునకు సరియైన మాట తమిళమున 'ఆఱు'. దానికిఁ బ్రాచీనరూపము 'యాఱు'. మలయాళమునను యాఱు, ఆఱు అను రెండు రూపములును గలవు. తమిళమునఁ బదాదియందు యా యనియు, పిమ్మట ఆ యనియు నున్నచోఁ దెలుఁగున ఏ యుండుట యొక్క యీ పదముననే కాదు. తమిళమున యాండు, ఆండు అనఁగా సంవత్సరము. తెలుఁగున నది ఏఁడు. తమిళమున యానై, ఆనై యనఁగా గజము. తెలుఁగున నది ఏనుఁగు. తమిళమున యాన్ అనఁగా నేను. కావ్యభాషయందుఁ దెలుఁగున నది ఏను. నాలుగు మాటల కొక్కటే నియమము చెల్లుచుండఁగా దీనిని గాకతాళీయ మనరాదు.

ఈ నియమమునకు ఎదురుపరీక్ష యొకటి కలదు. తమిళమున ఆఱు అనునది నదికే కాక సంఖ్యకును బేరు. సంఖ్యావాచకమగు ఆఱునకుఁ బదాది యకారము లేదు. కావుననే తెలుఁగున నా సంఖ్య ఏఱు గాక ఆఱుగానే నిలిచినది. తమిళమున నేకరూపము నొందిన రెండు మాటలను దెలుఁగు వేఱువేఱుగాఁ గాపాడినది. నదియను నర్థముగల పదమునకు మూలరూపమున యకార ముండెననుటకు ఇంతకంటె బలమైన నిదర్శన మక్కఱలేదు. బరో, ఎమెనో పండితులు 1961లోఁ బ్రకటించి 1984లో మరలఁ గూర్చిన ద్రావిడ వ్యుత్పత్తినిఘంటువునందు ఈ పదములన్నియు నొక్కచోటనే చేర్పఁబడినవి.

అంతకంటెను గమనింపఁదగినది యీ జిల్లాల యడవులలోనే వినఁబడుచున్నది. గోండీభాషయందు 'ఏర్' అనఁగా నీరు. దాని మాండలికమగు కోయభాషయందును నంతియే. కోయలు భూపాలపల్లి, ములుగు, మహబూబాబాదు జిల్లాలలో నివసించువారు. కొండభాషయందును 'ఏఱు' అను మాటకు నీరనియే యర్థము. అనఁగాఁ దెలుఁగువాఁడు పాఱుచున్న ప్రవాహమును జూపి యేఱనఁగా, కోయవాఁడు కడవలోని నీటిని జూపి యేర్ అనును. దక్షిణద్రావిడ భాషలలోఁ బ్రవాహార్థమును, గోండీ, కొండ మొదలగు భాషలలో జలార్థమును నీ పదమునకుఁ గలవు. తెలుఁగు, తన రక్తబంధువులగు గోండీ మొదలగువానితోఁ గాక, యర్థవిషయమునఁ దమిళముతోఁ గూడియున్నది. ఒక్క యడవిలో రెండు భాషలవా రొక్క మాటనే రెండర్థములలో వాడుచుండుట భాషాశాస్త్రజ్ఞులకుఁ గన్నులపండువు.

2. విభక్తిరూపములు

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) విభక్తిప్రత్యయములకు ముందు ఇ, టి, తి యను వర్ణములు చేరెడి శబ్దములను ఔపవిభక్తికములని పేర్కొన్నది. ఏఱు శబ్ద మట్టివానిలో నొకటి. ప్రథమయందు ఏఱు, తక్కిన విభక్తులయందు ఏటిని, ఏటిచేత, ఏటికి, ఏటివలన, ఏటియందు. చతుర్థియందుఁ 'కు' గాక 'కి' వచ్చుటకు ముందున్న యికారమే కారణము. బహువచనమున ఏఱులు, ఏఱ్లు, ఏళ్లు అను రూపములు గలవు. సెలయేఱు, సెలయేళ్లు అను జంట బాలురకును దెలిసినదే.

ఈ టి యెక్కడినుండి వచ్చినది? తమిళమున ఆఱు శబ్దమునకు విభక్తులయందు ఱకారము ద్విత్వము నొందును: ఆఱ్ఱిల్ అనఁగా నేటిలో. తమిళపు ద్విరుక్త ఱకారమునకుఁ దెలుఁగున టకారము వచ్చుట యితరపదములయందును గలదు. తమిళమునఁ జుఱ్ఱు, తెలుఁగునఁ జుట్టు. తమిళమునఁ బఱ్ఱు, తెలుఁగునఁ బట్టు. తమిళమునఁ బుఱ్ఱు, తెలుఁగునఁ బుట్ట. కావున ఏటి యను రూపము తెలుఁగుననే క్రొత్తగాఁ బుట్టినది గాదు. పూర్వద్రావిడమునుండి వచ్చిన విభక్త్యంగమే. ప్రథమారూపమునందలి ఱకారమును, అంగమునందలి టకారమును నొక్క వర్ణముయొక్క రెండు వేషములు.

ఇచ్చట నొక జాగ్రత్త యవసరము. నీరు, నోరు మొదలగునవి సాధురేఫము గల శబ్దములు. ఐనను వానికిని నీటి, నోటి యని టివర్ణమే వచ్చుచున్నది. ఊరు శబ్దమునకు మాత్ర మూరి యని యివర్ణము వచ్చును. కావునఁ 'టి' కనఁబడినంత మాత్రమునఁ బ్రథమయందు ఱకార ముండెనని నిశ్చయింపరాదు; ఱకారము గల శబ్దమునకుఁ 'టి' వచ్చుట సహజమని మాత్రమే చెప్పఁదగును. తర్కమున నీ రెండు వాక్యములకుఁ గల భేదమును మఱచినవారే వ్యుత్పత్తులలోఁ బొరపడుదురు.

మఱియొక సూక్ష్మము లిపికి సంబంధించినది. ఏఁడు అనఁగా సంవత్సరము. దాని యంగము ఏఁటి. ఏఱు అనఁగాఁ బ్రవాహము. దాని యంగము ఏటి. రెంటికిని భేద మర్ధబిందు వొక్కటియే. తమిళమున యాండు శబ్దముననున్న యనునాసికమే తెలుఁగున నర్ధబిందువుగా మిగిలినది. యాఱు శబ్దమున నది లేదు గావునఁ దెలుఁగు ఏటియందును లేదు. సప్తసంఖ్యావాచకమగు ఏడునకును నర్ధబిందువు లేదు. దానికిఁ దమిళ ప్రతిరూపము వేఱు. అర్ధబిందువు వట్టి యలంకారమని తలంచు విద్యార్థులకు ఏఁడు, ఏడు, ఏఱు అను మూఁడు మాటలను బ్రక్కప్రక్కన వ్రాసి చూపిన, నది ప్రాచీనవర్ణమునకు గుఱుతని తెలియఁగలదు.

ఈ యంగరూపము ఊళ్లపేళ్లయందును నిలిచియున్నది. ఏటి + ఊరు అనునది ఏటూరు. గోదావరీతీరమునందలి ఏటూరునాగారము 2016 మొదలు 2019 ఫిబ్రవరిలో ములుగుజిల్లా యేర్పడువఱకు భూపాలపల్లి జిల్లాలోనే యుండెను. కృష్ణాతీరమున, మున్నేఱు కృష్ణం గలియు సీమలో, మఱియొక ఏటూరు గలదు. వరాహానదీతీరమునందలి ఏటికొప్పాకయు నట్టిదే. మూఁడును నేటియొడ్డు గ్రామములే యగుట వ్యాకరణముచేఁ దేలిన యర్థమును భూగోళము ధ్రువపఱచుట. పాలేటి, ఏలేటి యను నింటిపేళ్లలోఁ గూడ నీ యంగమే కనఁబడుచున్నది.

3. నాలుగు నామములు

మొదటిది మున్నేఱు. దీనిని మూఁడేఱుల కూడిక యని కొందఱును, మునియేఱని కొందఱును విడఁదీయుదురు. రెండు విభాగములకును వ్యాకరణ మడ్డుపడును. మూఁడు శబ్దము సమాసమున డువర్ణమును గోల్పోయినపుడు పరమగు హల్లు ద్విత్వము నొందును: ముజ్జగములు, ముల్లోకములు, ముమ్మాఱు, ముక్కంటి. పాకాల చెఱువు శాసనమునఁ బేరు వినఁబడు కాకతీయామాత్యుఁడు జగదాళ ముమ్మడి నామమునందలి ద్విత్వ మిట్టిదే. మున్నూఱు అనుచోట నకారద్విత్వము గలదన్న, నది నూఱు శబ్దమునందలి నకారమునకు వచ్చినది. ఏఱు శబ్దమున కాది యచ్చు. ద్విత్వము నొందుటకు హల్లే లేదు. అజాది పరమైనచో మువ్వురు అనుచోవలె వకార మాశింపఁదగును గాని నకారము గాదు. కావున మూఁడు + ఏఱు అనునది మున్నేఱు గానేరదు.

ముని + ఏఱు అనినచో, ఇకారాంతమగు తత్సమముపై నచ్చు పరమగుటచే యడాగమము వచ్చి మునియేఱగును. అందు నకార మొక్కటియే. మునియేఱను పలుకుబడి నందిగామ ప్రాంతమున వినఁబడుచున్నను, ద్విరుక్తనకారముగల రూపము దానినుండి పుట్టుటకు మార్గము లేదు. ద్విత్వముగల రూపమునుండి ద్విత్వము జాఱి, పిమ్మట ముని శబ్దస్ఫురణచే యకారము చేరుట మాత్రము సుకరము. తెలియని పదమును దెలిసినదానిగా మార్చుకొనుట ప్రజల వాడుక. తపస్సు చేయు ముని మున్ను శబ్దముకంటె మనసునకు దగ్గఱివాఁడు.

మున్ను + ఏఱు అనినచో నుకారసంధి నిత్యముగా జరిగి, యే వర్ణమును జేర్పకయుఁ దీయకయు మున్నేఱు సిద్ధించును. మున్ను అనఁగా ముందు, పూర్వము. సముద్రవాచకమగు మున్నీరు శబ్దమును దీనికి మూలముగాఁ జెప్పుట పొసఁగదు. అందలి యీకారము ఏకార మగుటకును, సాధురేఫము శకటరేఫ మగుటకును సూత్రము లేదు. తీర్థాల సంగమమున నదులు కూడుటచే మూఁడేఱుల కథ ప్రబలియుండవచ్చును. కథకు స్థలము సాక్ష్యమిచ్చినను శబ్దము సాక్ష్య మీయదు.

రెండవది ఆకేఱు. ఆకు + ఏఱు అను విభాగమునకు నుకారసంధి చాలును. మూఁడవది పాలేఱు. ఇందు రెండు మార్గములు గలవు. నిత్యబహువచనమగు పాలు శబ్దమునకు అంగము పాల. పాల + ఏఱు అనుచో నకారసంధి బహుళము గావున, సంధి యైన పక్షమునఁ బాలేఱు, కానిపక్షమునఁ బాలయేఱు. వంతు అను నర్థముగల పాలునకైనచో నుకారసంధి. రూప మొక్కటియే గావున సంధి యిచ్చట తీర్పు సెప్పదు. కర్ణాటకమునఁ బుట్టి, చిత్తూరుజిల్లా మీఁదుగాఁ దమిళదేశమునకుఁ బోవు పాలాఱు దీనికి శబ్దమునఁ దోఁబుట్టువు. దానికి సంస్కృతమున క్షీరనది యని పేరు. ఆ పేరు పెట్టినవారు పాలు శబ్దమునకు క్షీరమనియే యర్థము గ్రహించిరనుట స్పష్టము. అనువాద మిట్లు ప్రాచీనులు చేసిన వ్యాఖ్యానమగుచున్నది. సేద్యపుఁ బనివాఁడను నర్థమునఁ గల పాలేరు శబ్దముతో నదీనామమును గలపరాదు. పనివాని పేరు పాలేరునకు, పాలేరుచేత నని మాఱక నిలుచును; నదిపేరు పాలేటికి, పాలేటిచేత నగును. ప్రథమయందుఁ జెవికి నొక్కటిగా వినఁబడు రెండు మాటలు చతుర్థియందు వేఱగుచున్నవి.

నాలుగవది మానేఱు. మాను + ఏఱు అనుచో నుకారసంధి. మాను శబ్దమునకుఁ బ్రాచీనరూపము మ్రాను. తమిళ 'మరం' శబ్దముతో దీనికి సంబంధము. స్వరము స్థానము మాఱి మ్రాను, పిదప రేఫము లోపించి మాను ఐనది. మహబూబాబాదునకు మానుకోట యను దేశీయనామము నేఁటికిని వాడుకలోఁ గలదు. అందు హల్లు పరమగుటచే నుకారము నిలిచినది. మానేఱునం దచ్చు పరమగుటచే లోపించినది. ఒక సూత్రమునకు నుదాహరణమును, బ్రత్యుదాహరణమును నిరుగుపొరుగున దొరకుట బడిపంతుళ్లకు లాభము. ఈ విభాగము సత్యమైనచో, మ్రాను రూపము వాడుకలో నున్న కాలపు లేఖనములలో నీ నదిపేరు మ్రానేఱని యుండవలయును. వ్యుత్పత్తి చెప్పువాఁడు ఏ యాధారము తన మాటను నిలుపునో, యేది పడఁగొట్టునో ముందుగాఁ జెప్పుట న్యాయము.

4. కాళేశ్వరమునందలి సంస్కృతనామములు

భూపాలపల్లి జిల్లా మహాదేవపురము మండలమునందలి కాళేశ్వరమునఁ బ్రాణహిత గోదావరిం గలియును. వార్ధా, వైన్‌గంగా నదుల కూడికచే నేర్పడిన ప్రాణహిత గోదావరికిఁ గల యుపనదులలో మిక్కిలి పెద్దది. ఒక్క పానవట్టమునందు రెండు లింగములు గల కాళేశ్వరముక్తేశ్వర క్షేత్రము, శ్రీశైలద్రాక్షారామములతోఁ గూడి, త్రిలింగశబ్దవ్యుత్పత్తికి నాధారముగాఁ జెప్పఁబడుచున్నది. ఇచ్చట నదీనామములు దేశ్యములు గావు.

గోదావరీశబ్దమును బాణినీయము చక్కఁగా సాధింపఁగలదు. గో యుపపదముగా దాధాతువుపై వనిప్ ప్రత్యయము వచ్చి (3-2-74) గోదావన్ అగును. స్త్రీత్వమున ఙీప్, నకారమునకు రేఫము (4-1-7) వచ్చి గోదావరీ యగును. 3-2-74 వైదికవిషయము గదా యని శంకించినచో, దాని పిమ్మటి సూత్రము వ్యాప్తిని గల్పించుచున్నది. సరస్సు గలది సరస్వతి. ఇరానీయ శాఖయందు దీనికి సోదరశబ్దమగు 'హరఖ్వతీ' యును నదీప్రదేశమునకుఁ బేరైనది. కాళేశ్వరమున సరస్వతి యంతర్వాహినిగాఁ గలదని భక్తుల విశ్వాసము. 2025 మే నెలలో నచ్చట సరస్వతీపుష్కరములు జరిగినవి.

ఈ సంస్కృతశబ్దములు తెలుఁగునఁ బ్రవేశించినపుడు కడపటి దీర్ఘము హ్రస్వమగును: గోదావరి, సరస్వతి. కాని వానికి ఔపవిభక్తిక వికారము లేదు: గోదావరికి, గోదావరియందు. ఏఱు శబ్దమునకుఁ గల యాంతరమగు మార్పు దేశ్యత్వమునకు గుఱుతు. మార్పు లేకుండుట తత్సమత్వమునకు గుఱుతు.

లింగవిషయమునను విచారింపఁదగినది గలదు. సంస్కృతమున నది స్త్రీలింగము, నదము పుంలింగము, శోణము, బ్రహ్మపుత్రము నదములు. తెలుఁగున ఏకవచనమున స్త్రీకిని జడమునకును గ్రియారూప మొక్కటియే: సీత వచ్చినది, ఏఱు వచ్చినది. కావున గోదావరి వచ్చినది యను వాక్యమునందు నదిని దేవతగాఁ దలంచిరో, జలముగాఁ దలంచిరో తెలియదు. బహువచనమున మాత్రము గుట్టు బయలుపడును. మున్నేఱును నాకేఱును గలిసినవి యనిన నవి జలములు; గంగాయమునలు గలిసిరి యనిన వారు దేవతలు.

5. స్లావుదేశపు నదులతోఁ బోలిక

ఈ స్థితి తెలుఁగునకే ప్రత్యేకము గాదనుటకు యూరపుఖండపుఁ దూర్పుభాగమున స్లావు భాషలవారి నదీనామములు సాక్ష్యము. అవెస్తాభాషయందు దాను అనఁగా నది. ఋగ్వేదమునను దాను శబ్దము ద్రవవాచకముగాఁ గలదు. కాకససు కొండలయం దిరానీయశాఖకుఁ జెందిన యొస్సెతుభాషలో దోన్ అను మాటకు నీరు, నది యని రెండర్థములును నేఁటికిని గలవు. డాన్, ద్నీపరు, ద్నీస్తరు నదుల పేళ్లయందు నీ శబ్దమే యున్నదని పండితుల యభిప్రాయము. పూర్వ మచ్చట నుండిన యిరానీయజాతులు నది యని పిలిచిన దానినే, తరువాత వచ్చిన స్లావులు పేరుగా గ్రహించిరి. రష్యనులు డాన్ నది యన్నపుడు నది నది యని చెప్పుచున్నారన్నమాట. వోల్గా నామము మాత్రము స్లావుభాషయందలి తేమ యను నర్థముగల మాటతోఁ జేర్పఁబడుచున్నది. తడి, నీరు, ప్రవాహము అను మూఁడర్థముల నడుమ మాటలు తిరుగుట కోయ ఏర్, తెలుఁగు ఏఱు శబ్దములఁ జూచినవారికి వింతగాఁ దోఁపదు.

డాన్యూబు నామము మఱియు విచిత్రము. ల్యాటినుభాషలో దనూవియుస్ పుంలింగము. జర్మనులు దానిని దోనౌ యని స్త్రీలింగముగా మార్చుకొనిరి. రష్యను, చెకు, పోలిషు భాషలలో దునాయ్ అనియు, సెర్బియను, బల్గేరియను భాషలలో దునవ్ అనియుఁ బుంలింగముగా నిలిచినది. రష్యనున నదికి సామాన్యనామమగు రెకా స్త్రీలింగము, డాన్, ద్నీపరు, దునాయ్ పుంలింగములు, వోల్గా స్త్రీలింగము. లింగమును నిర్ణయించునది నదిపై భక్తి గాదు, పదాంతవర్ణము. స్లావుల జానపదగేయములలో దునాయ్ శబ్దము ఏ పెద్దనదికైనను జెల్లు సామాన్యనామముగాఁ గూడ మాఱినది. ఇట్లు సామాన్యనామము పేరగుటయు, పేరు మరల సామాన్యనామ మగుటయు నదుల విషయమునఁ దఱచు జరుగును.

6. రేఫద్వయమును, ఏటిపేళ్ల యర్థలోపమును

ఇట్టి మార్పే యిప్పుడు తెలుఁగుదేశమునను జరుగుచున్నది. దీనికి మొదటి కారణము శకటరేఫము వాడుకనుండి తొలఁగుట. రకార ఱకారముల భేద ముచ్చారణమునఁ జిరకాలము క్రిందనే సడలినది. బమ్మెర పోతన రేఫద్వయమును బ్రాసమునఁ గలిపెననియు, నందుచే లాక్షణికులు భాగవతమును లక్ష్యముగాఁ గొనరనియు నప్పకవి వ్రాసినట్లు ప్రసిద్ధము. బమ్మెర గ్రామము జనగామ జిల్లా పాలకుర్తికిఁ జేరువది. పాలకుర్తి సోమనాథుని నామముతోఁ బ్రసిద్ధికెక్కినది. లాక్షణికులకు దోషముగాఁ గనఁబడినది చరిత్రకారునకు సాక్ష్యము: కవి కాలమునాఁటికే రెండు రేఫములు చెవికి నొక్కటిగా వినఁబడుచుండెను. 1656లో నారంభింపఁబడిన యప్పకవీయము శకటరేఫము గల పదములను బట్టికలుగాఁ జెప్పవలసివచ్చుటయు, వినికిడిచే నెఱుఁగరానిదానిని గంఠస్థము చేయింపవలసివచ్చుట చేతనే.

లేఖనమునఁ గూడ ఱకారము తొలఁగి మున్నేరు, పాలేరు అని వ్రాయఁబడుచుండుటచే, నూరు పేరు మొదలగు సాధురేఫాంతములనుండి యివి వేఱనుటకుఁ గన్నులకుఁ గనఁబడు గుఱుతు లేకపోయెను. ఆంగ్లలిపిలో మానైరు, పాలైరు అని చదువఁదగిన వర్ణక్రమము దేశపటములయందుఁ బాదుకొని, ఏఱు శబ్దమును మఱింత మఱుఁగుపఱచినది. ఇందువలనఁ గలిగిన ఫలము విభక్తియందుఁ దెలియుచున్నది. మున్నేటికి, పాలేటిలో అనుటకు మాఱుగా మున్నేరుకు, పాలేరులో అను రూపములు వార్తాపత్రికలలో సామాన్యమైనవి. అంగము మాఱక నిలుచుట, ఆ పదము భాషయందలి జీవపదముగాఁ గాక, ముద్రవేసిన పేరుగా మాత్రమే మిగిలినదనుటకు నిదర్శనము.

రెండవ ఫలము ఆకేరువాగు, మున్నేరువాగు, పాలేరువాగు అను వాడుక. ఏఱు చెవికిఁ బట్టనందుననే వాగు శబ్దమును జేర్పవలసివచ్చినది. రష్యనులు డాన్ నది యనుట వంటిదే యిది. ఇంగ్లండున ఏవన్ నది యనుచోఁ గూడ నిట్లే జరిగినది. వేల్సుభాషలో 'అవొన్' అనఁగా నదియే. వాగు శబ్దమునకు ఔపవిభక్తికత్వము లేదు. వాగునకు, వాగులో నని యది నిలుచును. భూపాలపల్లి ప్రాంతపు మోరంచవాగు మొదటినుండి వాగుపేరే. ఆకేఱు మాత్రము పేరునం దేఱై, వాడుకలో వాగైనది. పూర్వులు ఏఱునకును వాగునకును భేదము పాటించి పేళ్లు పెట్టిరి గావున, నీ మార్పును వట్టి పునరుక్తిగాఁ దోసివేయరాదు. 2023 జూలై 27వ తేదిని మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచినది. 2024 సెప్టెంబరు 1వ తేదిని ఆకేఱును మున్నేఱును గట్టులు దాఁటి, మహబూబాబాదు, ఖమ్మము జిల్లాలలోఁ బ్రాణహానియు నాస్తినష్టమును గలిగించినవి. ఆ దినములలో ఆకేఱును వాగని వినినవారికి దాని బల మెట్టిదో పేరే చెప్పుచుండెను. పేరును విడఁదీసి వినఁగలవారు మాత్రము కొఱవడిరి.

7. ఉపసంహారము

పైవిచారమువలనఁ దేలిన యంశము లివి. ఏఱు శబ్దము యకారాదియగు ప్రాచీనద్రావిడ పదమునుండి వచ్చినది. కోయభాషయందలి ఏర్ దానికి దాయాది. ఏటి యను నంగము తమిళపు ద్విరుక్త ఱకారముతో సరిపోవుచున్నది. మున్నేఱు శబ్దమును మూఁడనియు, ముని యనియు విడఁదీయుటకు సంధి యొప్పుకొనదు; మున్ను శబ్దముతో మాత్రమే యది పొసఁగును. ఆకేఱు, మానేఱులకు నుకారసంధి చాలును. పాలేఱునకు సంధి తీర్పు సెప్పకున్నను, క్షీరనదియను ననువాదము మార్గము చూపును.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల పాఠశాలలలో నీ పేళ్లు ప్రతిదినము వినఁబడునవి. ఔపవిభక్తికముల పాఠము చెప్పునపుడు పుస్తకమునందలి యుదాహరణములతోఁ బాటు, ఊరిప్రక్కఁ బాఱు మున్నేఱును మున్నేటికి, మున్నేటిలో, మున్నేటినుండి యని పలికించినచో, నొక సూత్రము బాలుర నోటఁ బ్రాణము పోసికొనును. ఊరి వృద్ధులు నదిపేరును ఏ విభక్తిలో నెట్లు పలుకుదురో, కోయపల్లెలలో దానికి వేఱు పేరేమైనఁ గలదో పండితులు వ్రాసి యుంచుట భాషాచరిత్రమునకు గొప్ప యుపకారము. శాసనమునం దెక్కినది చెడినను మరలఁ జదువవచ్చును. వృద్ధుల నోట నున్న రూపము వారితోనే పోవును.